ముందు చక్రం నట్టు.. ఎంత బిగిస్తే కరెక్ట్?

దశరథుడి రథం ఇరుసు శీల ఊడిపోతే కైక తన వేలు పెట్టి చక్రాన్ని ఆపిందని చిన్నప్పుడు మన ఇళ్లల్లో కథ చెప్పేవారు. ఆ ఒక్క వేలికి రెండు వరాలు వచ్చాయి. ఆ వరాలతో రామాయణం ఎటు తిరిగిందో మీకు తెలుసు. కథ సంగతి పక్కన పెడితే అందులో ఓ ఇంజినీరింగ్ పాయింట్ ఉంది. బండి ఎంత పెద్దదైనా, గుర్రాలు ఎంత బలమైనవైనా, చివర్లో చక్రాన్ని ఆపేది ఒక చిన్న శీల.

మన బైకులకి కైక లేదు. ఒక నట్టు ఉంది. కొన్నింటికి దాంతో పాటు ఒకటో రెండో బోల్టులు. అంతే!

బైకు కొన్నప్పుడు మైలేజీ అడుగుతాం, ఏబీఎస్ ఉందా అని అడుగుతాం, ఫోన్ కనెక్ట్ అవుతుందా అని కూడా అడుగుతాం. ముందు యాక్సిల్ నట్టు ఎంత బిగించాలి అని అడిగినవాళ్లని నేనైతే చూడలేదు. విశాఖలో రోజూ కూర్మన్నపాలెం గేటు దగ్గర షిఫ్టు మారే టైమ్‌కి, సింధియా రోడ్డులో, ఎన్‌ఏడీ జంక్షన్‌లో వేల బైకులు కదులుతాయి. ప్రతి బైకూ ఆ నట్టు మీదే నమ్మకం పెట్టుకుని పరిగెడుతోంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో దాదాపు 44 శాతం టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే. ఇవన్నీ నట్లు వదులై జరిగినవని కాదు. స్పీడు, హెల్మెట్ లేకపోవడం, రాంగ్ రూట్.. కారణాలు చాలా. కానీ మన చేతిలో ఉన్న కారణం ఒక్కటి తగ్గినా తగ్గినట్టే కదా. ఇది పది నిమిషాల పని.

లోపల ఏం జరుగుతోంది?

చాలామంది అనుకునేది ఏంటంటే, యాక్సిల్ చక్రంతో పాటు తిరుగుతుందని. తిరగదు! ముందు చక్రంలో యాక్సిల్ కదలకుండా నిలబడుతుంది. చక్రం దాని చుట్టూ బేరింగుల మీద తిరుగుతుంది.

ఒక వైపు నుంచి మొదలుపెట్టి వరసగా చూడండి. యాక్సిల్ తల, ఫోర్కు కాలు, ఒక చిన్న బుష్, బేరింగు, హబ్ లోపల ఒక గొట్టం, ఇంకో బేరింగు, మళ్లీ బుష్ లేదా స్పీడోమీటర్ గేరు, రెండో ఫోర్కు కాలు, చివర నట్టు. నట్టు బిగించినప్పుడు ఇవన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుని ఒకే దిమ్మలా అయిపోతాయి. బేరింగు లోపలి రింగు ఆ దిమ్మలో భాగం, కాబట్టి అది కదలదు. బయటి రింగు హబ్‌తో పాటు తిరుగుతుంది.

నట్టు వదులైతే ఆ దిమ్మ విడిపోతుంది. లోపలి రింగు కూడా యాక్సిల్ మీద కొంచెం కొంచెం జారడం మొదలుపెడుతుంది. లోహం మీద లోహం రాసుకుని యాక్సిల్ అరుగుతుంది. చక్రం పక్కలకి ఆడుతుంది. ఆ ఆటకి నట్టు ఇంకా వదులవుతుంది.

మరి ఎక్కువ బిగిస్తే? అదీ ప్రమాదమే. మరలు సాగిపోతాయి. హబ్ లోపలి గొట్టం నొక్కుకుపోతే బేరింగుల మీద పక్క నుంచి ఒత్తిడి పడుతుంది, అవి వేడెక్కి త్వరగా పోతాయి. చక్రం విప్పినప్పుడు ఆ గొట్టమో, పక్క బుష్షో మర్చిపోయి బిగిస్తే కూడా ఇదే కథ. అందుకే నేను చెప్పే మొదటి సలహా: పానా పట్టే ముందు ఫోన్ పట్టండి. రెండు వైపులా ఫోటోలు తీయండి. ఏ బుష్ ఎటువైపు ఉందో ఆ ఫోటోయే చెబుతుంది.

మీ బైకుది ఏ రకం?

యాక్సిల్‌ని పట్టి ఉంచే పద్ధతులు ప్రధానంగా నాలుగు.

ఒకటి, సాదా నట్టు. వంద, నూట పాతిక సీసీ బళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇది మామూలు నట్టులా కనిపించినా సాధారణంగా సెల్ఫ్ లాకింగ్ నట్టు. లోపల నైలాన్ రింగు గానీ, మరని గట్టిగా పట్టే లోహపు అంచు గానీ ఉంటుంది. చేత్తో చివరిదాకా సులువుగా తిరిగిపోతోందంటే దాని పట్టు పోయినట్టే. కొత్తది వేయాలి.

రెండు, కోట బురుజులా గాళ్లు ఉన్న నట్టు, దానికి అడ్డంగా స్ప్లిట్ పిన్. మన ఎడ్లబండి శీలకి ఇది మనవడు. పిన్ను రంధ్రం నట్టు గాడికి సరిగ్గా రాకపోతే నట్టుని ఇంకొంచెం బిగించి కలపాలి, వెనక్కి వదులు చేసి కాదు. పాత పిన్ను సాగదీసి మళ్లీ వాడకూడదు.

మూడు, నట్టుతో పాటు పించ్ బోల్టు. ఫోర్కు కింది చివర చీలిక ఉంటుంది. అడ్డంగా ఉన్న బోల్టు బిగిస్తే ఆ చీలిక మూసుకుని యాక్సిల్‌ని పిడికిలిలా పట్టేస్తుంది.

నాలుగు, నట్టే లేనిది. యాక్సిల్ నేరుగా ఒక ఫోర్కు కాలులోని మరల్లోకి దిగుతుంది, రెండో వైపు పించ్ బోల్టులు పట్టుకుంటాయి. స్పోర్ట్స్ బైకుల్లో ఎక్కువగా చూస్తాం.

ఇప్పుడే కిందకి వెళ్లి మీ బండి చూసి రండి. ఏ రకమో తెలిస్తేనే మిగతాది ఉపయోగం.

ఎస్.కోట టీ కొట్టు దగ్గర..

మా పిన్ని కొడుకు పోర్టు వైపు ఓ యార్డులో నైట్ డ్యూటీ చేస్తాడు. మొన్న చలికాలంలో అరకు వెళ్దామన్నాడు. ముందు రోజు ముందు చక్రం పంక్చర్ పడితే రోడ్డు పక్క వేయించుకున్నాడు. తెల్లవారుజామున రెండు బళ్ల మీద బయల్దేరాం.

శృంగవరపుకోటలో టీకి ఆగాం. "అన్నయ్యా, బ్రేకు ఏటో తేడాగా ఉంది. మొదటిసారి నొక్కితే లోపలికి పోతోంది, రెండోసారి బాగానే పడుతోంది" అన్నాడు. ఆయిల్ తగ్గిందేమో అనుకున్నాం. చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది. చక్రం పట్టుకుని పక్కకి ఊపాను. టక్ టక్‌మంది. కిందకి వంగి యాక్సిల్ నట్టు మీద చెయ్యి వేస్తే.. వేళ్లతో తిరిగింది!

పించ్ బోల్టు ఒక్కటే యాక్సిల్‌ని పట్టుకుని ఉంది. ఆ బ్రేకు తేడాకి కారణం కూడా అదే. చక్రం ఆడుతుంటే డిస్కు కూడా ఆడి బ్రేక్ ప్యాడ్లని వెనక్కి నెట్టేస్తుంది. అందుకే మొదటిసారి లీవరు ఖాళీగా లోపలికి పోతుంది. ఈ లక్షణం గుర్తుపెట్టుకోండి. లీవరు ఒకసారి పడి ఒకసారి పడకపోతే బ్రేకు ఆయిల్‌తో పాటు చక్రం ఆట కూడా చూడాలి.

ఎస్.కోట దాటితే కాసేపటికి ఘాట్ మొదలు. అనంతగిరి మలుపులు మీకు తెలుసు, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఆ రోజు మేం పైకి వెళ్లలేదు. దగ్గర్లో షెడ్డు తెరిచేదాకా కూర్చుని, చక్రం విప్పించి, బుష్షులూ బేరింగులూ చూపించి, మళ్లీ వరసగా బిగించుకుని వెనక్కి వచ్చేశాం. వాడికి కోపం వచ్చింది. ఇంటికొచ్చాక పిన్నికి మాత్రం చెప్పొద్దన్నాడు.

"చెయ్యే మీటరు" అంటే కుదరదు

ఆ తర్వాత గాజువాకలో నాకు తెలిసిన ఓ మెకానిక్ బాబాయ్ దగ్గర కూర్చుని ఇదంతా అడిగాను. "నీ చేతికి తెలీదా బాబాయ్, ఎంత బిగించాలో?" అంటే నవ్వాడు.

"ఏటి బాబూ, పొద్దున్న చెయ్యి వేరు, రాత్రి పది బళ్లు చూసేక చెయ్యి వేరు. కుర్రోడి చెయ్యి వేరు, నా చెయ్యి వేరు. నట్టుకి అయ్యన్నీ తెల్దు కదా" అన్నాడు.

అందుకే టార్క్ రెంచ్. టార్క్ అంటే తిప్పే బలం. లెక్క సింపుల్. పానా మీద మీరు పెట్టే బలాన్ని, నట్టు నుంచి మీ చెయ్యి ఉన్న దూరంతో గుణించాలి. న్యూటన్ మీటర్లలో చెబుతారు.

ఉదాహరణకి 60 న్యూటన్ మీటర్లు కావాలనుకోండి. 30 సెంటీమీటర్ల పానా చివర సుమారు 20 కిలోల బరువంత బలం పెట్టాలి. పానా 15 సెంటీమీటర్లదే అయితే 40 కిలోలు. అదే అర మీటరు పైపు తొడిగి 60 కిలోల మనిషి దాని మీద నిలబడితే? దాదాపు 294 న్యూటన్ మీటర్లు! కావాల్సిన దానికి ఐదు రెట్లు. మరలు పోయాయంటే ఆశ్చర్యం ఏముంది?

మీ బైకు అంకె ఎంత? అది మోడల్‌ని బట్టి మారుతుంది. పక్కింటివాడి బండి అంకె మీకు పనికిరాదు. కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో ఫ్రంట్ యాక్సిల్ నట్, యాక్సిల్ పించ్ బోల్ట్ అని విడివిడిగా ఉంటాయి. పించ్ బోల్టు అంకె నట్టు కంటే బాగా తక్కువ ఉంటుంది. ఎందుకంటే అది చిన్న బోల్టు, పైగా అల్యూమినియం ఫోర్కులో ఉంటుంది. దాన్ని నట్టులా బిగిస్తే ఫోర్కు చెవి పగులుతుంది. అప్పుడు మారేది బోల్టు కాదు, ఫోర్కు కాలు. బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.

క్లిక్ టైపు టార్క్ రెంచ్ వాడితే మూడే రూల్స్. టక్‌మనగానే ఆపేయాలి, "ఇంకొక్కసారి" అనకూడదు. నట్టు విప్పడానికి దాన్ని వాడకూడదు. పని అయ్యాక స్కేలుని కింది అంకెకి తిప్పి పెట్టాలి. ఒక్కరికి ఖర్చు అనిపిస్తే నలుగురు ఫ్రెండ్స్ కలిసి కొనుక్కోండి. రోజూ వాడేది కాదు కదా.

మన సముద్రం గాలి చేసే పని

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీరు పెట్టిన తిప్పే బలంలో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది. ఇంజినీర్లు చెప్పే ఉజ్జాయింపు లెక్క ఇది: దాదాపు సగం నట్టు కింది ముఖం దగ్గర పోతుంది, 40 శాతం మరల్లో పోతుంది, అసలు బిగింపుకి మిగిలేది పదో వంతే.

ఇప్పుడు బీచ్ రోడ్డులోనో, పోర్టు పక్కనో రోజూ నిలబడే బండిని ఊహించుకోండి. ఉప్పు గాలి, తేమ, పైన బొగ్గు, ఖనిజం దుమ్ము. మరలు తుప్పు పట్టి రాపిడి పెరుగుతుంది. రెంచ్ టక్‌మంటుంది, కానీ లోపల బిగింపు తక్కువే ఉంటుంది. అలాగని మరలకి ఆయిల్ పోస్తే? రాపిడి తగ్గి అదే అంకెకి బిగింపు అవసరానికి మించిపోతుంది. కాబట్టి మరల్ని వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, గుడ్డతో తుడిచి, మాన్యువల్ చెబితే తప్ప ఆయిల్ లేకుండా బిగించాలి.

యాక్సిల్ కడ్డీ సంగతి వేరు. దాని ఒంటికి పల్చగా గ్రీజు రాయాలి. లేకపోతే ఉక్కు కడ్డీ, అల్యూమినియం ఫోర్కు ఉప్పు తేమలో ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. తర్వాత విప్పాలంటే సుత్తి దెబ్బలే గతి. తిన్నగా మర మీద సుత్తితో కొడితే ఆ చివర పువ్వులా విచ్చుకుని నట్టు ఎక్కదు. గ్రీజు బ్రేకు డిస్కు మీద, డ్రమ్ము లోపల పడకుండా చూసుకోండి.

నట్టు ఎందుకు వదులవుతుంది?

బిగించిన బోల్టు ఒక గట్టి స్ప్రింగు లాంటిది. కంటికి కనిపించనంత సాగుతుంది, వెనక్కి రావాలని చూస్తుంది. ఆ లాగుడే అన్నింటినీ కలిపి పట్టుకుంటుంది. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు ఒక పరీక్షతో చూపించింది ఏంటంటే, బోల్టుని వదులు చేయడంలో నిలువు ఊపు కంటే అడ్డంగా వచ్చే ఊపు చాలా ప్రమాదం. పలకలు పక్కకి జారాయంటే మరల్లో రాపిడి పట్టు తప్పి నట్టు తనంతట తనే తిరుగుతుంది. సరిపడా బిగింపు ఉంటే పలకలు జారవు, నట్టు కదలదు. స్ప్రింగ్ వాషరు వేశాం కదా అని ధీమా పడొద్దు. అలాంటి ఊపు ముందు అది పెద్దగా నిలబడదు.

బిగించే వరస

సాధారణ వరస ఇది. మీ మాన్యువల్ వేరేలా చెబితే దాని మాటే ఫైనల్.

1. బండిని సెంటర్ స్టాండు మీద కదలకుండా నిలబెట్టండి. యాక్సిల్ చేత్తో నెడితే దూరాలి. దూరకపోతే ఏదో బుష్ వరస తప్పింది. సుత్తి తీయకండి, ఫోటో తీసి ఉంచారుగా, అది చూడండి.

2. డ్రమ్ బ్రేకు ఉంటే ఇది ప్రాణం లాంటి పాయింట్: బ్రేకు ప్లేటు గాడి ఫోర్కు మీది మొనలో కూర్చోవాలి. కూర్చోకపోతే బ్రేకు వేసినప్పుడు ప్లేటు చక్రంతో పాటు తిరిగి కేబులు తెగిపోవచ్చు, చక్రం పట్టేయొచ్చు. తర్వాత బ్రేకు నొక్కి పట్టుకుని నట్టు బిగిస్తే ప్లేటు మధ్యకి సర్దుకుంటుంది.

3. నట్టుని మొదట చేత్తో, తర్వాత మామూలు పానాతో ఆనేదాకా. చక్రం తిప్పి చూడండి, స్వేచ్ఛగా తిరగాలి. ఆ తర్వాతే టార్క్ రెంచ్. అటువైపు యాక్సిల్ తలని ఇంకో పానాతో పట్టుకోండి.

4. బండిని స్టాండు మీంచి దించి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ని నాలుగైదు సార్లు కిందకి గట్టిగా నొక్కండి. దీనివల్ల ఫోర్కు రెండు కాళ్లు వాటి సహజమైన దూరంలోకి వస్తాయి.

5. ఇప్పుడు పించ్ బోల్టులు. ముందే బిగించేస్తే ఫోర్కు కాలు వంకరగా ఇరుక్కుని సస్పెన్షన్ సాఫీగా ఆడదు. రెండు బోల్టులుంటే ఒకటి కొంచెం, ఇంకోటి కొంచెం, మళ్లీ మొదటిది.

6. డిస్కు బ్రేకయితే బండి కదిలించే ముందు లీవరు గట్టిపడేదాకా నొక్కండి. చక్రం విప్పినప్పుడు ప్యాడ్లు వెనక్కి వెళ్లి ఉంటాయి. ఇది మర్చిపోతే మొదటి జంక్షన్‌లో బ్రేకు ఉండదు!

ఉక్కు ఊళ్లో బోల్టు చూసి కొనండి

"విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం రోడ్డెక్కిన ఊరు ఇది. 1992లో జాతికి అంకితమైన మన స్టీల్ ప్లాంటులో వైర్ రాడ్ మిల్లు ఉంది. బోల్టుల్లాంటివి సాధారణంగా వైర్ రాడ్ నుంచే తయారవుతాయి. కానీ ఉక్కంతా ఒకటి కాదు.

బోల్టు తల మీద 8.8 అని ఉంటే అర్థం ఇదీ: మొదటి 8 అంటే ప్రతి చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల లాగుడుకి తట్టుకుంటుంది. చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం, అంటే 640 దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. 10.9 అయితే 1000, 900. పించ్ బోల్టు పోయిందని కొట్లో సైజు ఒకటే చూసి, తల మీద ఏ అంకే లేని బోల్టు తెచ్చి వేయకండి. కంపెనీ పార్టే అడగండి.

నెలకోసారి రెండు నిమిషాలు

ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. టక్‌మంటే బేరింగో యాక్సిలో చూపించాలి. తర్వాత ఫోర్కు కింది చివరలు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. అక్కడ ఆట ఉంటే హ్యాండిల్ కోన్ సెట్ సంగతి.

ఇంకో చిట్కా. సరిగ్గా బిగించాక నట్టు మీంచి ఫోర్కు మీదకి ఒక సన్నని గీత పెయింట్‌తో గీయండి. ఇంట్లో అక్క నెయిల్ పాలిష్ అయినా పర్వాలేదు, అడిగి తీసుకోండి. గీత విరిగి కనిపించిందంటే నట్టు తిరిగినట్టే. మా తమ్ముడి బండికి ఇప్పుడు ఎర్ర గీత ఉంది. డ్యూటీకి వెళ్లేముందు వాడు అద్దంలో జుట్టు చూసుకుంటాడు, తర్వాత వంగి గీత చూసుకుంటాడు.

పంక్చర్ వేయించుకున్న రోజు మాత్రం నెల ఆగొద్దు. డబ్బులు ఇచ్చే ముందు మర్యాదగా ఒక్క మాట అడగండి: "అన్నా, యాక్సిల్ నట్టు, పించ్ బోల్టు ఒకసారి నా ముందు చూపిస్తావా?" మంచి మెకానిక్ ఎవరూ దీనికి చిన్నబుచ్చుకోరు. చిన్నబుచ్చుకుంటే వచ్చేసారి వేరే షాపుకి వెళ్లండి.